నెట్‌వర్క్ సిమ్యులేటర్ ఎంపిక: అపోహలు - వాస్తవాలు

నెట్‌వర్కింగ్ బోధించడం కొత్తగా మొదలుపెట్టే వారు తరచూ అడిగే ప్రశ్న, "ల్యాబ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ పెట్టమంటారు?" దానికి నేను వేసే ఎదురు ప్రశ్న ఒకటుంది. మొదటి నెల గడిచేసరికి మీ విద్యార్థి కళ్లారా ఏం చూసి ఉండాలి? ఐపీ అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, స్విచ్ పని, రౌటర్ పని, ఏఆర్‌పీ (ఐపీ అడ్రస్‌ను బట్టి మ్యాక్ అడ్రస్‌ను, అంటే పరికరం హార్డ్‌వేర్ చిరునామాను, కనుక్కునే పద్ధతి), డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లను తనంతట తానే పంచేది), డీఎన్‌ఎస్ (పేరు నుంచి ఐపీ అడ్రస్ చెప్పేది). ప్రాథమిక పాఠాల చిట్టా ఇంతకు మించి పెద్దగా ఉండదు. ఈ చిట్టాను పక్కన పెట్టుకోకుండా సాఫ్ట్‌వేర్ల గుణగణాలు పోల్చుకుంటూ కూర్చోవడం వల్లే కింది అపోహలన్నీ పుట్టుకొస్తాయి.

అపోహ: అసలు పరికరానికి ఎంత దగ్గరగా ఉంటే బోధనకు అంత మేలు.

ఉద్యోగంలో చేరబోయే వారికి ఇది చాలావరకు నిజం. మొదటి పాఠాలకు మాత్రం తరచుగా తలకిందులవుతుంది.

సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఒక సిమ్యులేటర్. రౌటర్ ఎలా ప్రవర్తిస్తుందో అది అనుకరించి చూపుతుంది, లోపల సిస్కో పరికరాల అసలు ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్ నడవదు. అందుకే చాలా కమాండ్లు అందులో ఉండవు. జీఎన్‌ఎస్3, ఈవీఈ-ఎన్‌జీ వంటివి మాత్రం పరికరాల అసలు ఆపరేటింగ్ సిస్టమ్‌నే వర్చువల్‌గా నడిపిస్తాయి. వీటిని ఎమ్యులేటర్లు అంటాం. వినగానే రెండోదే గొప్పగా అనిపిస్తుంది. అయితే తరగతిలో జరిగేది చూడండి.

ఒక పీసీ, మధ్యలో ఒక రౌటర్, అవతలి నెట్‌వర్క్‌లో మరో పీసీ. ఇవతలి పీసీ నుంచి అవతలికి మొదటిసారి పింగ్ (అవతలి యంత్రం జవాబిస్తుందో లేదో చూసే పరీక్ష) కొడితే సాధారణంగా తొలి వరుసలో "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" అని వస్తుంది, ఆ తర్వాత మూడు జవాబులు చక్కగా వస్తాయి. విద్యార్థి దాన్ని పట్టించుకోడు, లేదా "నెట్ స్లోగా ఉంది సార్" అని తేల్చేస్తాడు. ఇదే పనిని ప్యాకెట్ ట్రేసర్‌లో సిమ్యులేషన్ మోడ్ పెట్టి, అడుగడుగునా ఆపుతూ చేయించండి. పీసీ దగ్గర ప్యాకెట్లకు గుర్తుగా రెండు కవర్లు కనిపిస్తాయి: ఒకటి ఐసీఎంపీ (పింగ్ సందేశం), రెండోది ఏఆర్‌పీ. గేట్‌వే (ఇక్కడ రౌటర్) మ్యాక్ అడ్రస్ తెలిసేదాకా పీసీ తన ఐసీఎంపీ ప్యాకెట్‌ను పట్టుకుని ఆగుతుంది. జవాబు రాగానే పంపుతుంది. ప్యాకెట్ రౌటర్‌కు చేరుతుంది. అవతలి పీసీ మ్యాక్ అడ్రస్ రౌటర్‌కూ తెలియదు. కానీ అది పీసీలా ఆగదు. వచ్చిన ప్యాకెట్‌ను పారేసి, దాని బదులు తన ఏఆర్‌పీ ప్రశ్నను అవతలి వైపుకు పంపుతుంది. పోయిన మొదటి పింగ్ అదే. రెండో పింగ్ వచ్చేసరికి రౌటర్ పట్టికలో మ్యాక్ అడ్రస్ సిద్ధంగా ఉంటుంది.

ఆ కవర్ మీద క్లిక్ చేస్తే ఏ పొరలో ఏం జరిగిందో, గమ్యం మ్యాక్ అడ్రస్ ఎక్కడ మారిందో, ఐపీ అడ్రస్ ఎందుకు మారలేదో అన్నీ కనిపిస్తాయి. ఓఎస్‌ఐ పొరల (నెట్‌వర్క్ పనిని అంచెలుగా విడగొట్టి చూపే నమూనా) గురించి బోర్డు మీద గంటసేపు చెప్పినా తలకెక్కని సంగతి ఇక్కడ పది నిమిషాల్లో ఎక్కుతుంది. ఎమ్యులేటర్‌లోనూ ఇది చూడవచ్చు. లింక్ మీద వైర్‌షార్క్ పెట్టి ప్యాకెట్లు పట్టుకోవాలి. కానీ ఫ్రేమ్ అంటే ఏమిటో ఇంకా తెలియని వాడి ముందు వైర్‌షార్క్ తెరిస్తే, వాడికి కనిపించేది రంగురంగుల వరుసలే. అది రెండో నెలలో తెరవాల్సిన తలుపు.

అపోహ: పింగ్ వచ్చిందంటే ల్యాబ్ పూర్తయినట్టే.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. సాఫ్ట్‌వేర్ ఏదైనా, పాఠం పింగ్‌తో ముగిస్తే విద్యార్థి నేర్చుకున్నది తక్కువ.

ఒక ఉదాహరణ. 192.168.1.20 అడ్రస్ ఉన్న పీసీకి మాస్క్ /24 (అడ్రస్‌లో మొదటి మూడు సంఖ్యలూ నెట్‌వర్క్‌వే) ఇవ్వాల్సింది పోయి /16 (మొదటి రెండే) ఇచ్చారనుకుందాం. పక్కనున్న 192.168.1.10కి పింగ్ దర్జాగా వెళ్తుంది. తప్పు బయటపడదు. 192.168.2.10కి పంపినప్పుడు మాత్రం ఈ పీసీ అది కూడా తన నెట్‌వర్క్‌లోనే ఉందనుకుని, గేట్‌వేకు ఇవ్వకుండా నేరుగా ఏఆర్‌పీ ప్రశ్న వేస్తుంది. ఇక్కడో విచిత్రం ఉంది. అసలు సిస్కో రౌటర్లలో ప్రాక్సీ ఏఆర్‌పీ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. ఆ ప్రశ్నకు రౌటరే తన మ్యాక్ అడ్రస్‌తో జవాబు చెప్పి, తప్పును కప్పిపుచ్చగలదు. అంటే పింగ్ వస్తుంది, కాన్ఫిగరేషన్ తప్పుగానే ఉంటుంది. ఎవరో భద్రత కోసం ప్రాక్సీ ఏఆర్‌పీని ఆపేసిన రోజున ఆ పీసీ మూగబోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

కాబట్టి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఇదొక్కటే: చెడిపోయిన నెట్‌వర్క్‌ను ఫైలుగా చేసి విద్యార్థి చేతిలో పెట్టగలనా? "ప్యాకెట్ ఎక్కడ చచ్చిపోయింది, ఎందుకు?" అని అడిగితే, వాడు సాక్ష్యం చూపించి చెప్పగలడా? ప్యాకెట్ ట్రేసర్‌లో యాక్టివిటీ విజర్డ్ ఉంది, అది విద్యార్థి కాన్ఫిగరేషన్‌ను సరైన దానితో పోల్చి శాతం ఇస్తుంది. పేపర్లు దిద్దే బాధ తప్పుతుంది, కాదనను. అయితే బట్టీ పట్టి కమాండ్లు కొట్టిన వాడికీ అది నూటికి నూరు వేస్తుంది.

అపోహ: జీఎన్‌ఎస్3 ఉచితం కాబట్టి ల్యాబ్ కూడా ఉచితమే.

జీఎన్‌ఎస్3 ఓపెన్ సోర్స్, ఉచితం. అందులో నడపాల్సిన సిస్కో ఐఓఎస్ ఇమేజ్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలు) మాత్రం సిస్కో సొత్తు, లైసెన్స్ లేకుండా వాడకూడదు. ఎక్కడి నుంచో వచ్చిన ఇమేజ్‌ను పెన్‌డ్రైవ్‌లో పంచే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. పాఠం చెప్పేవారు అలా చేస్తే విద్యార్థులు నేర్చుకునేదీ అదే.

దారులు లేకపోలేదు. ఎఫ్‌ఆర్ రౌటింగ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో మామూలు లినక్స్ మెషీనే ఓఎస్‌పీఎఫ్, బీజీపీ అనే రౌటింగ్ ప్రోటోకాల్స్ మాట్లాడే రౌటర్ అవుతుంది. స్విచ్‌కు ఓపెన్ వీస్విచ్ ఉంది. మైక్రోటిక్ వర్చువల్ రౌటర్‌ను ఉచితంగానే నడపవచ్చు, ఒక్కో ఇంటర్‌ఫేస్ నుంచి బయటికి పంపే వేగం 1 ఎంబీపీఎస్‌కు పరిమితం. పాఠానికి అది ధారాళంగా సరిపోతుంది.

ఇక కంప్యూటర్ల సంగతి. ప్యాకెట్ ట్రేసర్‌లో పది రౌటర్లు పెట్టినా పాత కంప్యూటర్ కిమ్మనదు. సీఎస్‌ఆర్1000వీ వంటి సిస్కో వర్చువల్ రౌటర్ ఇమేజ్ అయితే ఒక్క రౌటర్‌కే 3-4 జీబీ ర్యామ్ అడుగుతుంది. పైగా బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉండాలి. దాన్ని ముందుగా చూసుకోకపోతే తొలి ల్యాబ్ అంతా బయోస్ పాస్‌వర్డ్‌ల వేటలోనే గడిచిపోతుంది. ఒక మంచి సర్వర్ ఉంటే ఈవీఈ-ఎన్‌జీని అందులో పెట్టి, విద్యార్థులను బ్రౌజర్ నుంచి పని చేయించవచ్చు.

అపోహ: పరిశోధకులు వాడేదే విద్యార్థులకూ నేర్పాలి.

పరిశోధకులు వాడే సిమ్యులేటర్ ఎన్‌ఎస్-3 (జీఎన్‌ఎస్3 కాదు) గొప్ప సాధనం. టీసీపీ రద్దీని ఎలా తట్టుకుంటుంది, క్యూ నిండితే ఏమవుతుంది వంటి ప్రశ్నలకు అంకెలతో జవాబిస్తుంది. కానీ అందులో నెట్‌వర్క్ అంటే సీ++ లేదా పైథాన్ ప్రోగ్రామ్. సబ్‌నెట్ మాస్క్ నేర్పాలని మొదలుపెట్టి కంపైలర్ తప్పులు సరిదిద్దుతూ కూర్చుంటారు.

మినీనెట్ మధ్యస్థం. లినక్స్ నేమ్‌స్పేస్‌ల (ఒకే మెషీన్‌లో విడివిడి నెట్‌వర్క్‌లుగా పనిచేసే గదులు) మీద నడుస్తుంది, ఒక్క కమాండుతో మూడు హోస్ట్‌లు, ఒక స్విచ్ లేచి కూర్చుంటాయి. ఒక్క జాగ్రత్త: హోస్ట్‌లకు నెట్‌వర్క్ వేర్వేరే గానీ ఫైల్ సిస్టమ్ ఉమ్మడి. ఒక హోస్ట్‌లో ఫైలు చెరిపితే అన్నిటిలోనూ పోతుంది. ఎస్‌డీఎన్ (సాఫ్ట్‌వేర్‌తో నెట్‌వర్క్‌ను నియంత్రించే పద్ధతి) పాఠం చేరేదాకా దీన్ని పక్కన పెట్టినా నష్టం లేదు.

పాఠశాల స్థాయికైతే ఫిలియస్ చూడండి. జర్మనీలో పాఠశాల పిల్లల కోసమే తయారైంది. చిన్నది, ఉచితం.

అపోహ: ప్యాకెట్ ట్రేసర్‌తో నేర్పితే విద్యార్థి సిస్కోకే కట్టుబడిపోతాడు.

ఏఆర్‌పీకి కంపెనీ లేదు. కట్టుబడిపోయేది కమాండ్లనే పాఠంగా చెప్పినప్పుడు. అదే సబ్‌నెట్ లెక్కను ఒకసారి లినక్స్‌లోనూ చేయిస్తే ఆ భయం పోతుంది.

అపోహ: సిమ్యులేటర్ ఉంటే కేబుళ్లు, పెట్టెలు అక్కర్లేదు.

సగం వదులైన ప్లగ్, కాలి కింద నలిగిన కేబుల్ ఏ సిమ్యులేటర్‌లోనూ దొరకవు. పైగా సిమ్యులేటర్ ఇప్పుడు దాదాపు లేని తప్పులనూ నేర్పుతుంది. ప్యాకెట్ ట్రేసర్‌లో రెండు పీసీలను స్ట్రెయిట్ కేబుల్‌తో కలిపితే ఎర్ర దీపం వెలుగుతుంది, క్రాసోవర్ కావాలి. ఇప్పటి గిగాబిట్ పోర్టులు ఆటో ఎండీఐ-ఎక్స్ వల్ల కేబుల్ ఏదైనా సర్దుకుంటాయి. ఒక పాత స్విచ్, నాలుగు కేబుళ్లు బల్ల మీద ఉంచితే చాలు.

అపోహ: వెర్షన్ ఏదైనా ఒకటే.

ప్యాకెట్ ట్రేసర్ కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉందో మొదటి రోజే బోర్డు మీద రాసి, ఇంట్లోనూ అదే వేసుకోమనండి. వెర్షన్‌ను బట్టి తెరవడానికి సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ఖాతాతో లాగిన్ కూడా అడగవచ్చు కాబట్టి, ఆ ఖాతాలు తరగతికి ముందే తెరిపించండి.