తొలి విదేశీ విహారం: ఆంక్షలు పోయాయి, కాగితాలు పోలేదు

2020 మార్చి 23న మన దేశం అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలను నిలిపివేసినప్పుడు, నెల తిరక్కుండానే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకంతో ట్రావెల్ ఏజెంట్లమైన మేము చాలామంది ప్రయాణికుల టికెట్లను రద్దు చేయకుండా తేదీలు మాత్రమే మార్చాము. ఆ సర్వీసులు మళ్లీ యథావిధిగా మొదలయ్యేసరికి 2022 మార్చి 27 వచ్చింది. నడుమ ఎక్కువ కాలం, రెండేసి దేశాలు తమ మధ్య పరిమితంగా విమానాలు నడుపుకోవడానికి చేసుకున్న ఎయిర్ బబుల్ ఒప్పందాల విమానాలే ప్రధాన దిక్కయ్యాయి. విదేశాల నుంచి మన దేశానికి వచ్చేవారు ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఎయిర్ సువిధ ఫారం కూడా 2022 నవంబరు 22న పోవడంతో, ఆ డిసెంబరులో విజయవాడలోని మా ట్రావెల్ ఏజెన్సీ ఫోను తెరిపి లేకుండా మోగింది. అడిగినవారిలో ఎక్కువమంది తొలిసారి విదేశం చూడబోతున్నవారే. వారు భయపడిన నిబంధనలు చాలావరకు అప్పటికే తొలగిపోయాయి. ప్రయాణాలు చెడింది మాత్రం వారు అసలు పట్టించుకోని విషయాల వల్ల.

అపోహ: ఆంక్షలు ఎత్తేశారు కాబట్టి టీకా పత్రంతో ఇక పని లేదు.

వాస్తవం: 2022 చివర్లో, ఎత్తేసింది ఎవరు అన్నది చూసుకోవాల్సి వచ్చేది. థాయిలాండ్ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి టీకా పత్రం అడగడం మానేసింది. సింగపూర్ మాత్రం టీకాలు పూర్తికానివారి నుంచి ప్రయాణానికి రెండు రోజుల్లోపు చేయించుకున్న కోవిడ్ పరీక్ష ఫలితాన్నీ, కనీసం 30,000 సింగపూర్ డాలర్ల కోవిడ్ వైద్య బీమానూ అప్పట్లో కోరేది. అక్టోబరు 11న బృందాలతో కాకుండా విడిగా వచ్చే పర్యాటకులకు తలుపులు తెరిచిన జపాన్‌కు మూడు డోసుల పత్రం గానీ, 72 గంటల్లోపు చేయించుకున్న పరీక్ష గానీ ఉండాల్సి వచ్చేది. అమెరికా జూన్ 12న పరీక్షను తొలగించింది కానీ, విదేశీయులకు టీకా నిబంధనను అప్పటికి ఇంకా తొలగించలేదు. అందువల్ల ప్రభుత్వ టీకా పోర్టల్ ఇచ్చే కోవిన్ పత్రాన్ని ఫోనులో ఉందిలే అనుకోకుండా కాగితం మీద అచ్చు వేయించుకొని పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోమని అప్పట్లో చెప్పాము.

అపోహ: పేరులో ఒకటి రెండు అక్షరాల తేడా ఉంటే ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: మా వృత్తిలో ఎక్కువ తలనొప్పులు ఇక్కడే పుడతాయి. అందులోనూ తెలుగువారి పేర్లతో మరీ ఎక్కువ. మన ఇంటిపేరు ముందు వస్తుంది, పాస్‌పోర్టులో దానికి వేరే గడి ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టినవారు అదే పేరుతో టీకా వేయించుకుంటే, కోవిన్ పత్రంలోనూ ఆ పొడి అక్షరమే దిగేది. పాస్‌పోర్టులో మాత్రం పేరంతా విడమరచి ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని మనకు తెలుసు గానీ, చెక్-ఇన్ కౌంటరులో కూర్చున్న ఉద్యోగికి తెలియాల్సిన అవసరం లేదు. కోవిన్‌లోనే పేరు దిద్దుకొని పాస్‌పోర్టు సంఖ్యను జత చేసుకునే వీలుండేది కాబట్టి, ఆ పని టికెట్ కొనకముందే ముగించుకోమని చెప్పాము.

ఇంతకంటే చిక్కైనది ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు. ఆ రోజుల్లోనే ఒక పెద్దావిడ పాస్‌పోర్టు నా బల్ల మీదికి వచ్చింది. ఇంటిపేరు దగ్గర ఏమీ లేదు, దాని కింద గడిలో ఒకే ఒక్క మాట ఉంది. “ఊళ్లో అందరూ అమ్మను అలాగే పిలుస్తారండీ, ఫారం నింపినాయన అదే రాశాడు” అన్నారు వారి అబ్బాయి. వారు వెళ్లాలనుకున్నది దుబాయి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్న సందర్శకులను అనుమతించబోమని అరబ్ ఎమిరేట్స్ నుంచి 2022 నవంబరు 21న విమాన సంస్థలకు ఆదేశాలు వచ్చాయి. తర్వాత కొన్ని వెసులుబాట్లు ప్రకటించినా, డెబ్బై ఏళ్ల మనిషిని ఆ సందేహంతో విమానాశ్రయానికి పంపడానికి నాకు మనసొప్పలేదు. ఇంటిపేరు చేర్పించి పాస్‌పోర్టు మళ్లీ తీసుకోమన్నాను, ప్రయాణం సంక్రాంతి తర్వాతకు జరిగింది.

అపోహ: పాస్‌పోర్టు మీద గడువు తేదీ దాటకపోతే చాలు.

వాస్తవం: మనవాళ్లు మొదట వెళ్లే థాయిలాండ్, సింగపూర్, దుబాయిలకు పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. షెంగెన్ దేశాలకైతే (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాలు) తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు ఉండాలి, పాస్‌పోర్టు జారీ అయి పదేళ్లు దాటకూడదు. కోవిడ్ రోజుల్లో పాస్‌పోర్టును బీరువాలో పెట్టి మరిచిపోయినవారు ముందుగా దాన్ని తీసి చూడాలి. పిల్లలవి ఇంకా ముందు చూడాలి, ఎందుకంటే వారికి సాధారణంగా ఇచ్చేది అయిదేళ్ల గడువే. ఈ సంగతి తెలిసిన నేనే 2022 ఏప్రిల్‌లో ఒక కుటుంబంలో తల్లిదండ్రుల పాస్‌పోర్టులు మాత్రమే చూసి అందరికీ టికెట్లు కొనేశాను, పాపది ఫిబ్రవరిలోనే ముగిసిపోయిందని తర్వాత తెలిసింది. తేదీ మార్చినందుకు పడిన రుసుము నా జేబులోంచే పోయింది.

అపోహ: టీసీఎస్ (అమ్మకం దగ్గరే వసూలు చేసే పన్ను) అనేది ఏజెంట్లు వేసే అదనపు బాదుడు.

వాస్తవం: ఈ మాట వినీ వినీ అలవాటైపోయింది. విదేశీ ప్యాకేజీ ధర మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది, అది తిరిగి రాదు. 2020 అక్టోబరు 1 నుంచి టీసీఎస్‌ను కూడా మేము వసూలు చేసి, మీ పాన్ మీద ప్రభుత్వానికి జమ చేస్తున్నాము, 2022లో అది మరో 5 శాతంగా ఉండేది. పాన్ ఇవ్వకపోతే అప్పట్లో అది 10 శాతం అయ్యేది. ఆ సొమ్ము మీ పాన్ మీద జమైన పన్నుల పట్టికలో కనిపిస్తుంది, రిటర్ను వేసేటప్పుడు కట్టవలసిన పన్నులో దాన్ని సర్దుకోవచ్చు, పన్నే లేకపోతే వాపసు కోరవచ్చు. కాబట్టి ఎవరి పాన్ ఇస్తున్నారో ఆలోచించి ఇవ్వండి. రిటర్ను వేసే అలవాటే లేనివారి పాన్ ఇస్తే ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది.

అపోహ: విమానాలు తిరుగుతున్నాయంటే వీసాలు కూడా వెంటనే వస్తాయి.

వాస్తవం: హైదరాబాదులో అమెరికా సందర్శక వీసా ఇంటర్వ్యూ కోసం 2022 చివర్లో రెండేళ్లకు పైగా ఆగాల్సి వచ్చేది. యూరప్ వీసాకైతే దరఖాస్తు ఇవ్వడానికి తేదీ దొరకడమే గగనంగా ఉండేది. వేసవికి వెళ్లదలచినవారు ముందుగానే కదలాలి, షెంగెన్ దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే ఇవ్వవచ్చు.

తొందరగా వెళ్లి రావాలనుకున్నవారికి ఆ డిసెంబరులో నేను థాయిలాండ్ పేరే చెప్పాను. అక్కడ దిగాక ఇచ్చే వీసాకు అప్పట్లో 2,000 బాత్‌లు (థాయి కరెన్సీ) తీసుకునేవారు, 2023 మార్చి 31 లోపు వెళ్లినవారిని 30 రోజులు ఉండనిచ్చేవారు. అయితే దిగాక ఇచ్చేవారంటే చేతులు ఊపుకుంటూ వెళ్లవచ్చని కాదు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, 4 సెంటీమీటర్ల వెడల్పు 6 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఫొటో, మనిషికి 10,000 బాత్‌లకు సమానమైన నగదు అడిగితే చూపించగలగాల్సి ఉండేది. వీటితో పాటు ఒక పెన్ను కూడా పెట్టుకోమని చెప్పాను. రాత్రి విమానంలో వెళ్లి తెల్లవారుజామున బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయంలో దిగినవారు, ఫారం చేతపట్టుకొని పెన్ను కోసం పక్కవారిని బతిమాలుకుంటూ ఉండగానే వరుస వంద మంది పొడవు పెరిగిపోయేది.