పన్ను ఆరో నెలలో పుట్టదు: పంటి మొగ్గ గురించి అపోహలు - వాస్తవాలు

నేను పిల్లల పళ్ల డాక్టర్ని. వారంలో రెండు రోజులు డెంటల్ కాలేజీలో మొదటి సంవత్సరం వాళ్లకి పంటి పుట్టుక పాఠం చెబుతాను. క్లినిక్‌లో అమ్మలు, అమ్మమ్మలు అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఆ పాఠంలోనే ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బిడ్డకి ఆరో నెలలో పళ్లు పుడతాయి.

ఆరో నెలలో పన్ను చిగురు చీల్చుకుని బయటికి వస్తుంది, అంతే. పుట్టడం ఎప్పుడో అయిపోయింది. అండం ఫలించిన 37వ రోజు ప్రాంతంలో పంటి పని మొదలవుతుంది. అంటే అమ్మకి నెల తప్పి దాదాపు మూడు వారాలు. అప్పటికి పిండం పొడవు ఒక సెంటీమీటరు అటూఇటూ. నోటి లోపలి పలుచని పొర రెండు దవడల్లోనూ గుర్రపు నాడా ఆకారంలో పట్టీలా మందమవుతుంది. ఎనిమిదో వారానికల్లా ఆ పట్టీ నుంచి దవడకి పది చొప్పున మొగ్గలు దిగడం మొదలవుతుంది. మొత్తం ఇరవై. మన పాలపళ్లు ఇరవయ్యే కదా.

ఈ దశ స్లైడుని మైక్రోస్కోపు కింద పెట్టి చూపించే రోజంటే నాకు ఇప్పటికీ ఇష్టం. కింది దవడలో మొగ్గ మల్లెమొగ్గని తలకిందులుగా దింపినట్టు ఉంటుంది. దాని చుట్టూ బెల్లం ముక్కకి చీమలు మూగినట్టు ఊదారంగు కణాలు ఒత్తుగా చేరి ఉంటాయి. తొమ్మిది, పది వారాలకి మొగ్గ అడుగు లోపలికి నొక్కుకుని టోపీలా అవుతుంది. టోపీ మధ్యలో ఎనామిల్ నాట్ అనే చిన్న ముడి కనిపిస్తుంది. దాంట్లోని కణాలు తాము విభజన చెందవు, చుట్టుపక్కల కణాలకి మాత్రం పెరగమని సంకేతాలు పంపుతాయి. పని అయ్యాక అవే చచ్చిపోతాయి. దవడ పన్నుకైతే తర్వాత ఇలాంటి ముడులు మరికొన్ని వస్తాయి, అవి ఎక్కడొస్తే అక్కడ పంటి మీద గుబ్బ లేస్తుంది. మనం అన్నం నమిలే ఆ ఎత్తుపల్లాల నక్షా ఇక్కడే గీసేస్తారన్నమాట. పదకొండు, పన్నెండు వారాలకి టోపీ లోతై గుడిగంట ఆకారంలోకి వస్తుంది. పద్నాలుగో వారం దాటాక ముందు పళ్ల కొనల దగ్గర గట్టి పదార్థం పేరుకోవడం మొదలవుతుంది.

మా విద్యార్థులకి ఒక మాట: మొగ్గ, టోపీ, గంట అన్నవి మనం పెట్టుకున్న పేర్లు. ముందు పన్ను గంట దశలో ఉన్నప్పుడు వెనక పన్ను ఇంకా టోపీలోనే ఉండొచ్చు. మెట్లెక్కినట్టు అన్నీ కలిసి ఎక్కవు.

అపోహ: పన్ను కూడా ఎముకే.

కాదు. పంటి మీద ఉండే గట్టి తెల్లటి పొర, అంటే ఎనామిల్, నోటి పైపొర నుంచి వస్తుంది. వెంట్రుక, చెమట గ్రంథి మొదలయ్యే తీరు కూడా ఇంచుమించు ఇదే. అందుకే పుట్టుకతో కొన్ని పళ్లు లేని పిల్లల్లో కొందరికి జుట్టు పలచగా ఉంటుంది, చెమట సరిగా పట్టదు. ఎండాకాలం ఒళ్లు కాలిపోతోందని తీసుకొస్తే, నోరు తెరిపించి పళ్లు కూడా చూడాలి. దాని లోపలి పొర డెంటిన్, జీవనాడి ఉన్న గుజ్జు మాత్రం న్యూరల్ క్రెస్ట్ కణాల నుంచి వస్తాయి. మెదడు ఏర్పడే గొట్టం అంచుల నుంచి బయల్దేరి దవడ దాకా నడిచొచ్చిన కణాలవి.

పన్ను ఆకారం ఎవరు నిర్ణయిస్తారన్నది 1970లో కొల్లార్, బెయిర్డ్ అనే శాస్త్రవేత్తలు ఎలుక పిండాల మీద పరీక్షించారు. దవడ పన్ను లోపలి కణాలకి ముందు పన్ను పైపొరని జత చేస్తే దవడ పన్నే వచ్చింది. అంటే ఆ దశకి పెత్తనం లోపలి కణాలదే.

అపోహ: కాన్పుకొక పన్ను పోతుంది, బిడ్డ అమ్మ పళ్లలోని కాల్షియం లాగేస్తుంది.

పంట్లో పేరుకున్న కాల్షియం తిరిగి రక్తంలోకి రాదు. బిడ్డకి కావాల్సింది అమ్మ తిండి నుంచి వెళ్తుంది, అది చాలకపోతే ఎముకల నుంచి. గర్భిణికి పళ్లు పాడవడానికి కారణాలు వేరు: హార్మోన్ల వల్ల చిగుళ్లు వాచి రక్తం రావడం, వాంతుల్లోని ఆమ్లం, బ్రష్ పెడితే వికారమని తోమడం మానేయడం. వాంతి కాగానే బ్రష్ చేయకండి, నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి. అలాగే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందులు నాలుగో నెల నుంచి వాడకూడదు. అవి ఏర్పడుతున్న పంట్లోకి చేరి శాశ్వతంగా రంగు మార్చేస్తాయి.

అపోహ: పాలపళ్లు ఎలాగూ ఊడేవే కదా.

పాలపన్ను మొగ్గకి నాలుక వైపు నుంచే శాశ్వత పన్ను మొగ్గ చిగురిస్తుంది. ముందు పళ్లకి అది గర్భంలో ఇరవయ్యో వారం నుంచే మొదలు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అది పాలపన్ను వేరు పక్కనే పెరుగుతుంది. పాలపన్ను పుచ్చి చీము పడితే కింద తయారవుతున్న పన్ను మీద మచ్చ, గుంట పడొచ్చు. ఆరేళ్లకి వెనకాల వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను మొగ్గ గర్భంలో నాలుగో నెలదే. దానికి చోటివ్వడానికి ఏ పాలపన్నూ ఊడదు కాబట్టి, ఇదీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. ఏడేళ్ల పిల్లలకి ఆ పన్ను పీకాల్సి వచ్చిన రోజు నాకు ఇంటికెళ్లాక కూడా మనసు బాగోదు.

అపోహ: పన్నుతో పుట్టిన బిడ్డ మేనమామకి గండం.

ఒకసారి తొమ్మిది రోజుల పాపని తీసుకొచ్చారు. కింది చిగురు మీద బియ్యపు గింజంత తెల్లటి పన్ను. నానమ్మ "పీకెయ్యండి డాక్టరమ్మా, మేనమామకి మంచిది కాదంట" అంది. పాప తల్లి తలెత్తలేదు. ఆ మేనమామ బయట బెంచీ మీద ఫ్లాస్కు, గుడ్డల సంచీ పట్టుకుని కూర్చున్నాడు.

దాదాపు రెండు, మూడు వేల కాన్పుల్లో ఒకరికి ఇలా ఉంటుంది. ఎక్కువమందిలో అది అదనపు పన్ను కాదు, ఆ బిడ్డ పాలపన్నే. మొగ్గ చిగురు పైపొరకి దగ్గరగా కూర్చోవడం వల్ల తొందరగా పైకొస్తుంది. తల్లి తిన్నదానికో చేసినదానికో దీంతో సంబంధం లేదు. మరీ కదులుతూ ఊడి శ్వాసనాళంలోకి పోయేలా ఉంటే తీసేస్తాం, పుట్టి పది రోజులన్నా కాకపోతే రక్తం గడ్డకట్టడానికి ఇచ్చే విటమిన్ కె పడిందో లేదో చూసుకుని. నాలుక కింద గీసుకుని పుండు పడితే అంచు నున్నగా చేస్తాం. గట్టిగా ఉంటే ముట్టుకోం. పీకితే ఆరేడేళ్లు వచ్చేదాకా అక్కడ ఖాళీయే.

వేలితో కదిపి చూశాను, గట్టిగానే ఉంది. ఫోన్లో మొగ్గ దశ స్లైడు ఫోటో తీసి నానమ్మకి చూపించాను. "ఇది మీ కోడలికి నెల తప్పిన నెలన్నరకే తయారైందమ్మా, అప్పటికి మేనమామ సంగతి దానికేం తెలుసు" అన్నాను. ఆవిడ ఫోను దగ్గరకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగి "పాలు పడుతుంటే కొరుకుతోందా తల్లీ?" అని అడిగింది.