‘బండ బాగాలేదు, పని ఆపండి’: సింగరేణిలో ఆ మాట అనే ధైర్యం ఎలా వచ్చింది?

బొగ్గు బాయిలో షిఫ్టు మొదలవగానే జరగాల్సిన పనుల్లో ఒకటి పైబండను తట్టి చూడటం. ఇనుప కడ్డీతో తడితే గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిపోయి వేలాడుతున్న బండైతే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్లగా పలుకుతుంది. ఆ చప్పుడు వినబడితే ఏం చేయాలో లోపలున్న అందరికీ తెలుసు. అక్కడ పని ఆపాలి, మనుషుల్ని వెనక్కి పంపాలి, వదులు బండను దించేయాలి, లేదంటే సపోర్టు పెట్టాలి. బొగ్గు సంగతి ఆ తర్వాతే. ఇదంతా పద్ధతిగా చేస్తే ఆ షిఫ్టులో ఉత్పత్తి తగ్గుతుంది. పైనుంచి ఫోన్ వస్తుంది, బొగ్గు రావట్లేదేమని. అప్పుడు ‘బండ బాగాలేదు సార్, ఆపేశాం’ అని చెప్పగలిగేది ఎవరు? రేపు కూడా తన మస్టర్ (హాజరు) పడుతుందని నమ్మకం ఉన్నవాడు.

సింగరేణి కార్మిక సంఘాలంటే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేవి లాభాల వాటా, ఎన్నికల హడావిడి. కానీ అసలు మొదలుపెట్టాల్సింది ఈ నమ్మకం దగ్గర. రక్షణ నిబంధనలు కాగితం మీద ఎన్నున్నా, అవి బాయి అడుగుదాకా దిగాలంటే పట్టుకుని అడిగే మనిషి ఉండాలి. అడిగినందుకు అతని పని పోకుండా చూసుకునే సంఘం వెనక ఉండాలి. సింగరేణిలో ఇది కొందరికి దక్కింది. కొందరికి ఇప్పటికీ దక్కలేదు.

జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టారు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1889లో బొగ్గు తీయడం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఏటా డిసెంబరు 23న సింగరేణి డే జరుపుకునేది అందుకే. యంత్రాలు రాకముందు పనంతా తట్టా చెమ్మస్‌తోనే, అంటే గంపా పారా పట్టుకునే. బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపాలి, ఎన్ని టబ్బులు నింపితే అంత కూలి. ఇలాంటి లెక్కలో బండ తట్టి చూసే తీరిక ఎవరికుంటుంది? జాగ్రత్త కోసం ఆగిన ప్రతి నిమిషమూ కూలిలోంచి పోయేదే. ప్రమాదం జరిగితే ‘అజాగ్రత్తగా ఉన్నాడు’ అనేస్తారు. ఆ అజాగ్రత్త కూలి లెక్కలోనే ఉందన్న సంగతి ఎవరూ ఎత్తరు.

బ్రిటిష్ ఇండియాలో ఈలోగా కదలిక వచ్చింది. మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికుల కోసం 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టారు. బి.పి. వాడియా దానికి అధ్యక్షుడు. మిల్లుల్లో గొడవ ముదిరాక యాజమాన్యం బిన్నీ కంపెనీ హైకోర్టుకెక్కింది. కార్మికుల్ని పనికి రాకుండా పురిగొల్పి తమకు నష్టం చేశారని వాడియా, తోటి నాయకుల మీద దావా వేసి ఇంజంక్షన్ (అలా చేయకూడదనే కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంది. సమ్మె చేయమన్నందుకు నాయకుడి ఇల్లూ వాకిలీ పోయే పరిస్థితి. ఈ కేసు చూశాకే కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో సంఘాలకు చట్టరక్షణ కావాలని పట్టుబట్టారు. ఐదేళ్లకు 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. రిజిస్టరైన సంఘం మీద, దాని నాయకుల మీద సమ్మె పేరుతో ఇలాంటి దావాలు, కుట్ర కేసులు పెట్టకుండా అది అడ్డు నిలిచింది. అయితే అది బ్రిటిష్ ఇండియా చట్టం. కొత్తగూడెం, ఇల్లెందు ఉన్నది నిజాం రాజ్యంలో.

అక్కడ సంఘం 1940ల్లో కమ్యూనిస్టుల చేతుల మీదుగా లేచింది. కవిగా మనకు తెలిసిన మఖ్దూం మొహియుద్దీన్, డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్, కొత్తగూడెంలో దేవూరి శేషగిరి ఈ పనిలో ముందున్నారు. 1946లో ఏర్పడిన ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు మఖ్దూం అధ్యక్షుడయ్యారు. సాయుధ పోరాట కాలంలో శేషగిరి ప్రాణాలు కోల్పోయారు. కొత్తగూడెంలో సీపీఐ అనుబంధ సంఘం ఏఐటీయూసీ ఆఫీసుకు ఇప్పటికీ ఆయన పేరే. 1945లోనే నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొనేయడంతో కార్మికులు అడిగేది ఇంగ్లండు కంపెనీని పోయి సర్కారును అయింది. ఇది తర్వాతి కాలానికి చాలా పనికొచ్చింది. సర్కారీ కంపెనీ లాభనష్టాల మాట ఒక్కటే చెప్పి తప్పించుకోలేదు, ఓట్ల లెక్క కూడా చూసుకోవాలి.

స్వాతంత్ర్యం తర్వాత చట్టాలు వరసగా వచ్చాయి. 1948లో బొగ్గు గనుల ప్రావిడెంట్ ఫండ్ చట్టం. 1952లో గనుల చట్టం, దాంతో భూగర్భంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పరిమితి. 1957లో బొగ్గు గనుల రెగ్యులేషన్లు. జీతాలను సంఘాలతో కూర్చుని బేరమాడి తేల్చే పద్ధతి మాత్రం 1970ల్లో వచ్చింది. బొగ్గు పరిశ్రమ జాతీయం అయ్యాక 1973లో జేబీసీసీఐ అనే ఉమ్మడి సంప్రదింపుల కమిటీ పెట్టారు. ఒకవైపు యాజమాన్యాలు, ఇంకోవైపు జాతీయ కార్మిక సంఘాలు. మొదటి ఒప్పందం 1975 జనవరి 1 నుంచి అమలైంది. పదకొండోది 2023 మేలో కుదిరింది, 2021 జూలై నుంచి వర్తించేలా 19 శాతం పెంపుతో. సింగరేణి కోల్ ఇండియాలో భాగం కాకపోయినా ఇదే ఒప్పందం కిందికి వస్తుంది. బొగ్గు నింపే ఫిల్లరో, పైబండకు ఊతం పెట్టే సపోర్ట్‌మనో కంపెనీ ఆఫీసుకెళ్లి జీతం పెంచమని అడగక్కర్లేదు. అతని తరఫున ఢిల్లీలోనో కోల్‌కతాలోనో ఎవరో కూర్చుని బేరమాడతారు. కుటుంబానికి వైద్యం, క్వార్టర్, సెలవు ప్రయాణ ఖర్చులు, పనిలో చనిపోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం, ఇవన్నీ ఇలాంటి బేరాలతో వచ్చినవే.

రక్షణలో సంఘానికి చట్టబద్ధమైన చోటు దొరకడానికి పెద్ద ప్రమాదమే జరగాల్సి వచ్చింది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్లు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన చర్చల ఫలితంగా 1980ల్లో గనుల చట్టాన్ని, రూల్స్‌ను సవరించారు. వందమందికి మించి పనిచేసే ప్రతి గనిలో సేఫ్టీ కమిటీ ఉండాలి. 500 మంది, అంతకు మించి ఉన్న గనిలో రిజిస్టరైన సంఘంతో సంప్రదించి ముగ్గురు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లను పెట్టాలి, మైనింగ్‌కు ఒకరు, ఎలక్ట్రికల్‌కు ఒకరు, మెకానికల్‌కు ఒకరు. వీళ్లు బయటి అధికారులు కారు, అదే బాయిలో పనిచేసే మనుషులు. దారులు, సపోర్టులు, గాలి, యంత్రాలు చూసి కనిపించిన లోపాన్ని రిజిస్టర్‌లో రాస్తారు. మేనేజర్ దానికి ఏం చేశాడో అక్కడే రాయాలి. నోటితో చెప్పిన ఫిర్యాదు గాలికి పోతుంది, రిజిస్టర్‌లో ఎక్కింది మాత్రం రేపు ప్రమాదం జరిగితే గనుల భద్రతా డైరెక్టరేట్ వాళ్ల టేబుల్ మీదికి వస్తుంది. సంఘాలు సాధించినవాటిలో జనానికి అతి తక్కువ తెలిసినదీ, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనదీ ఇదే.

సంఘం ఉంటే నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అన్న ప్రశ్నకు అమెరికా బొగ్గు గనుల లెక్క ఒకటి ఉంది. స్టాన్‌ఫర్డ్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ ఆలిసన్ మొరాంట్జ్ 1993 నుంచి 2010 దాకా వివరాలు తీసి 2013లో ప్రచురించారు. యూనియన్ ఉన్న భూగర్భ గనుల్లో మరణాలు, తీవ్ర గాయాలు బాగా తక్కువ. ఆమె లెక్క కట్టిన తీరును బట్టి మరణాల తగ్గుదల 29 నుంచి 83 శాతం దాకా ఉంది. తమాషా ఏమిటంటే, చిన్న గాయాలు మాత్రం యూనియన్ గనుల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. చేయి గీసుకుపోయినా భయపడకుండా రాయించుకున్నారు కాబట్టి అని అర్థం చేసుకోవచ్చు. మన దగ్గర ‘మా గనిలో చిన్న ప్రమాదాలే లేవు’ అనే బోర్డు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా చదివితే సింగరేణిలో సంఘాలన్నీ ఒక్కతాటిపై నడిచాయనిపిస్తుంది. అలా ఏం లేదు. 1981లో ముందు నోటీసు లేకుండా ఒకరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోసే నిబంధనను అమల్లో పెట్టినప్పుడు కార్మికులు 56 రోజులు పని మానేశారు. పెద్ద సంఘాలు చెబితే జరిగిన సమ్మె కాదది, వాటిని దాటుకుని కింది నుంచి లేచింది. నక్సలైట్ ఉద్యమానికి దగ్గరగా ఉన్న సింగరేణి కార్మిక సమాఖ్య, అంటే సికాస, ఆ ఏడే పుట్టింది. తర్వాతి పదేళ్లలో సంఘాలు డజన్ల కొద్దీ అయ్యాయి. ఎవరితో మాట్లాడాలో యాజమాన్యానికి తెలియదు, ఎవరి మాట వినాలో కార్మికుడికి తెలియదు. ఒక గనిలో ఒక సంఘం, పక్క గనిలో ఇంకో సంఘం, చిన్న విషయానికీ సమ్మె. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి 1990ల్లో రెండుసార్లు ఖాయిలా పడ్డ కంపెనీల సంగతి చూసే బోర్డు బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది.

ఈ గందరగోళానికి మందుగా 1998 సెప్టెంబరు 9న రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం, అంటే అందరి తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘం ఎన్నికలు పెట్టారు. కేంద్ర కార్మిక శాఖ అధికారులే నిర్వహించారు. ఏఐటీయూసీ గెలిచింది. బొగ్గు పరిశ్రమలో ఇలా కార్మికుడే ఓటేసి తన ప్రతినిధిని ఎన్నుకునే పద్ధతి సింగరేణికి ప్రత్యేకం. అప్పటి నుంచి సమ్మెలు తగ్గాయి, 1999-2000లో 10 శాతంతో లాభాల్లో వాటా మొదలైంది.

ఎన్నికలతో ఇంకో జబ్బు కూడా వచ్చింది. ఓట్లు తెచ్చేవాటి చుట్టూనే సంఘాలు తిరగడం మొదలుపెట్టాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడు అక్టోబరులో 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. ఒకే ఊళ్లో నాలుగు నెలల్లో 27 శవాలు లేచినా తర్వాతి ఎన్నికల్లో జనం ఎక్కువగా విన్నది వారసత్వ ఉద్యోగాల గురించే. కార్మికుణ్ని తప్పుపట్టలేం. లోపల పాడైన ఊపిరితిత్తులతో బయటికొచ్చేవాడికి కొడుకు ఉద్యోగమే అసలు పింఛను. కానీ ఆ హామీ 2017లో కోర్టులో నిలవలేదు, మెడికల్ అన్‌ఫిట్ అయితే ఇచ్చే కారుణ్య నియామకాల రూపంలో మిగిలింది. దాంతో ‘అన్‌ఫిట్’ కావడమే ఇంటికి మేలు అనే వింత పరిస్థితి వచ్చింది. బాయిలోకి దిగక్కర్లేని సర్ఫేస్ పోస్టింగులకూ, క్వార్టర్లకూ పైరవీలు చేసే నాయకులంటే కార్మికుల్లో ఉన్న విసుగు దాచేది కాదు. ఆ విసుగుతోనే ప్రతి ఒకటి రెండు ఎన్నికలకూ గెలిచే జెండా మారుతోంది. 2011 సకల జనుల సమ్మెలో 35 రోజులు బాయిలు ఆగాక 2012లో, మళ్లీ 2017లో టీఆర్ఎస్ అనుబంధ తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం గెలిచింది. 2023 డిసెంబరు 27న దానికి ఓట్లు కరువయ్యాయి. దాదాపు 2 వేల ఆధిక్యంతో ఏఐటీయూసీ గుర్తింపు సంఘమైంది, 11 ఏరియాల్లో 6 చోట్ల కాంగ్రెస్ అనుబంధ ఐఎన్‌టీయూసీ ఆ ఏరియా వరకు ప్రాతినిధ్య సంఘమైంది.

ఆ రోజు ఓటర్లు సుమారు 40 వేలు. 1990ల మొదట్లో కంపెనీ పర్మనెంట్ కార్మికులు లక్ష దాటి ఉండేవారు. పని తగ్గలేదు, చేతులు మారింది. బొగ్గులో అత్యధిక భాగం ఇప్పుడు పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల నుంచే వస్తోంది, వాటిలో బొగ్గు పైనున్న ఓవర్‌బర్డెన్ మట్టి తీసే పని ఎక్కువగా కాంట్రాక్టర్లదే. రాత్రి షిఫ్టులో దుమ్ములో డంపర్ నడిపేవాడు, మెట్టులా కోసిన బెంచి అంచున షావెల్ (తవ్వే యంత్రం) మీద ఉన్నవాడు చాలావరకు కాంట్రాక్ట్ మనుషులే. వాళ్లకు గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఓటు లేదు. కోల్ ఇండియాలో కాంట్రాక్ట్ కార్మికులకు 2013లో ఖరారైన హైపవర్ కమిటీ వేతనాలు కావాలని 2022 సెప్టెంబరులో వీళ్లు రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. ఒప్పందమైతే జరిగింది, ఆ వేతనాలు మాత్రం రాలేదు. 2024 దసరాకు ముందు లాభాల వాటా పంచినప్పుడు పర్మనెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు అందాయి. కాంట్రాక్ట్ కార్మికుడికి 5 వేలు. అదీ మొదటిసారి ఇచ్చిందే, దానికి పెద్ద ప్రచారం కూడా జరిగింది.

డబ్బులో తేడా కంటికి కనిపిస్తుంది. ‘ఆపండి’ అనే మాటలో తేడా కనిపించదు. బెంచి పగులు తీసిందని పర్మనెంట్ ఆపరేటర్ చెబితే అది రిజిస్టర్‌లోకి ఎక్కే దారి ఉంది. కాంట్రాక్ట్ డ్రైవర్ చెబితే రేపు ఆ బండి మీద ఇంకొకడుంటాడు.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, 1952 గనుల చట్టం రెండూ వీటిలో కలిసిపోయాయి. సంఘానికి దావాల నుంచి ఉన్న పాత రక్షణ కొనసాగుతోంది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరైంది. ఒకటికి మించి సంఘాలున్న సంస్థలో 51 శాతం కార్మికుల మద్దతున్న సంఘమే యాజమాన్యంతో మాట్లాడుతుంది, అంత మద్దతు ఎవరికీ లేకపోతే సంఘాలు కలిసిన కౌన్సిల్ మాట్లాడుతుంది. ఆ 51 శాతాన్ని లెక్కపెట్టేది సంస్థ మస్టర్ రోల్ నుంచి. డంపర్ డ్రైవర్ పేరు ఉండేది కాంట్రాక్టర్ మస్టర్‌లో.