సాఫ్ట్ డెసిషన్ డీకోడింగ్: అపోహలు - వాస్తవాలు

అపోహ: డీమాడ్యులేటర్ (అందిన సిగ్నల్‌ను బిట్లుగా మార్చే భాగం) సున్నానో ఒకటో తేల్చి ఇస్తే చాలు, మిగతాది డీకోడర్ (దారిలో వచ్చిన తప్పుల్ని దిద్దే భాగం) చూసుకుంటుంది.

వాస్తవం: ఆ బిట్‌ను ఎంతవరకు నమ్మవచ్చో కూడా డీకోడర్‌కి తెలియాలి. ఒకే బిట్‌ను మూడుసార్లు పంపామనుకోండి. సున్నా అయితే +1, ఒకటి అయితే −1. దారిలో నాయిస్ కలిసి మనకు +0.1, +0.2, −0.9 అందాయి. హార్డ్ డెసిషన్ ప్లస్, మైనస్ గుర్తులే చూస్తుంది: 0, 0, 1. మెజారిటీ ప్రకారం జవాబు సున్నా. అదే సాఫ్ట్ డెసిషన్‌లోలా మూడు విలువలనూ ఉన్నవి ఉన్నట్టే కూడితే −0.6, అంటే ఒకటి. మొదటి రెండూ ఎటూ తేల్చుకోలేక ఊగుతున్నాయి, మూడోది మాత్రం గట్టిగా చెబుతోంది. గుర్తు ఒక్కటే ఉంచుకున్న క్షణంలో ఆ తేడా పోయింది. ఆ తర్వాత ఎంత మంచి డీకోడర్ పెట్టినా అది తిరిగి రాదు.

అపోహ: ఇంత చేసినా దక్కే లాభం అంతంత మాత్రమే.

వాస్తవం: గాసియన్ నాయిస్ (బెల్ కర్వ్‌ను అనుసరించే యాదృచ్ఛిక నాయిస్) మాత్రమే ఉన్న ఛానల్లో సుమారు 2 డీబీ (డెసిబెల్స్) కలిసొస్తుంది. అంటే ట్రాన్స్‌మిటర్ పవర్‌ను 37 శాతం దాకా తగ్గించినా అదే పనితీరు. సిగ్నల్ పడుతూ లేస్తూ ఉండే ఫేడింగ్ ఛానల్లో లాభం ఇంకా ఎక్కువ. ఏ బిట్ పడిపోయిన చోట అందిందో డీకోడర్‌కి తెలుస్తుంది కదా.

అపోహ: దీనికి ఖరీదైన ఏడీసీ (అనలాగ్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే సర్క్యూట్), అందులో బోలెడు బిట్లు కావాలి.

వాస్తవం: బీపీఎస్‌కే (పైన చూసినట్టు బిట్‌ను +1 లేదా −1గా పంపే పద్ధతి) లాంటి మాడ్యులేషన్‌కి 3 బిట్లు, అంటే 8 మెట్లు చాలు. పోయేది పావు డీబీ మాత్రమే. 1967 నాటి విటెర్బి అల్గారిథమ్ (డీకోడింగ్ పద్ధతుల్లో ఒకటి)లో అయితే ట్రెల్లిస్ (సాధ్యమైన దారుల పటం) కూడా మారదు, బ్రాంచ్ మెట్రిక్ (ఒక్కో అడుగు అందిన విలువతో ఎంత సరిపోతుందో చెప్పే స్కోరు) లెక్క ఒక్కటే మారుతుంది.

అపోహ: ఎల్ఎల్ఆర్ (బిట్ సున్నానా ఒకటా, ఎంత గట్టిగా నమ్మవచ్చు అని డీకోడర్‌కి చెప్పే సంఖ్య) విలువల స్కేల్ ఎలా ఉన్నా ఫర్వాలేదు.

వాస్తవం: ఇది సగమే నిజం, అందుకే ఎక్కువ మందిని ముంచుతుంది. విలువలన్నిటినీ ఒకే సంఖ్యతో గుణిస్తే విటెర్బికి తేడా పడదు, మిన్-సమ్ అనే సులువు డీకోడర్‌కీ పడదు. కానీ ఎల్‌డీపీసీకి (తప్పులు దిద్దే ఒక రకం కోడ్) వాడే సమ్-ప్రోడక్ట్ డీకోడర్‌కి పడుతుంది. బీపీఎస్‌కేకి ఎల్ఎల్ఆర్ అంటే 2y/σ²; ఇందులో y అందిన విలువ, σ² నాయిస్ వేరియన్స్. ఒకసారి నా సిమ్యులేషన్‌లో σ² ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువ పడింది. దాంతో ప్రతి బిట్ మీదా డీకోడర్‌కి లేనిపోని ధీమా వచ్చింది, ఎర్రర్ రేటు పెరిగిపోయింది. నేనేమో రెండు రోజులు పారిటీ చెక్ మ్యాట్రిక్స్‌లో (కోడ్ నియమాలు రాసి ఉండే పట్టిక) తప్పు వెతికాను. అప్పటి నుంచి డీకోడర్‌ను ముట్టుకునే ముందు ఎల్ఎల్ఆర్ హిస్టోగ్రామ్ గీసి చూస్తాను. మీరూ అలా చేయండి, చాలా టెన్షన్ తప్పుతుంది.

అపోహ: హార్డ్ డెసిషన్ కాలం చెల్లిపోయింది.

వాస్తవం: సీడీల్లో తప్పులు దిద్దే రీడ్-సాలమన్ కోడ్ డీకోడింగ్ దాని మీదే నడిచింది. నేటి ఎస్ఎస్‌డీల్లోనూ సాధారణంగా మొదట హార్డ్ రీడే జరుగుతుంది, ఎందుకంటే అది త్వరగా అయిపోతుంది. అది ఫెయిలైతే రిఫరెన్స్ వోల్టేజీని (సున్నా, ఒకటిని విడదీసే హద్దు) అటూ ఇటూ జరిపి, డేటా ఉండే అవే సెల్స్‌ను మళ్లీ చదువుతారు. వోల్టేజీ కాస్త జరగగానే ఏ సెల్ జవాబు మార్చిందో దాన్ని తక్కువగా నమ్మి, ఎల్‌డీపీసీ డీకోడర్ మళ్లీ మొదలుపెడుతుంది.