ఆర్-5 జోన్: మ్యాపులో చోటు చూపించని 5 శాతం

అమరావతిలో పనులు మళ్లీ మొదలయ్యాయి. రెండో విడత భూసమీకరణ (రైతులు భూమి ఇస్తే బదులుగా ప్లాట్లు ఇవ్వడం) మాట కూడా వచ్చింది. దాంతో మూలన పడిన ప్రశ్న ఒకటి మళ్లీ బయటికొచ్చింది: 2023 మే 26న వెంకటపాలెం సభ నాడు ఆర్-5 జోన్‌లో సెంటు ఇంటి స్థలాల పట్టాలు అందుకున్న 50,793 మంది మహిళల సంగతేంటి?

అమరావతి రాజధాని ఎలా అయింది, మూడు రాజధానుల గొడవ ఎలా నడిచింది అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఆర్-5, అంటే రాజధానిలో పేదల ఇళ్లకని తర్వాత చేర్చిన జోన్. దాని గొడవ గురించి మాట్లాడేవాళ్లంతా 2023 నుంచే మొదలుపెడతారు. నా లెక్కలో అసలు ముడి పడింది 2016లో.

2014 సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టం 53వ సెక్షన్‌లో ఒక మాట ఉంది. సమీకరించిన మొత్తం భూమిలో 5 శాతం పేదల ఇళ్లకు కేటాయించాలని. 29 గ్రామాల రైతులు ఇచ్చిన భూమి 33 వేల ఎకరాల పైమాటే కాబట్టి, పేదల వాటా 1,650 ఎకరాలకు తగ్గదు. 2016 ఫిబ్రవరిలో మాస్టర్ ప్లాన్ వచ్చింది. అందులో నివాస జోన్లు ఆర్-1 నుంచి ఆర్-4 దాకా నాలుగు. పాత ఊళ్లకు ఒకటి, తక్కువ ఇళ్లుండే చోటుకు ఒకటి, ఎత్తైన భవనాలకు ఒకటి, ఇలా. పార్కులకు, పరిశ్రమలకు, వ్యాపారాలకు వేరే రంగులు. పేదల ఇళ్లకంటూ విడిగా ఒక జోన్ మాత్రం అందులో లేదు.

ఆ తర్వాత రైతులకు లాటరీ తీసి ప్లాట్లు ఇచ్చారు. ఎకరా మెట్టకు వెయ్యి గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబుకైతే, అంటే నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికైతే, వాణిజ్య స్థలం 450 గజాలు. ప్లాటు చేతికొచ్చినవాళ్లు మొదట చూసేది పక్కన ఏం వస్తుందనే. పక్కన ఐటీ పార్కు ఉంటే ఒక ధర, రోడ్డు ఉంటే ఒక ధర. అంటే ఆ మ్యాపే రైతుకు ప్రభుత్వం ఇచ్చిన మాట అయింది. పేదల వాటా ఎక్కడో అప్పుడే గీసి ఉంటే అదీ ఆ మాటలో భాగమయ్యేది. గీయలేదు. తర్వాత ఎవరు, ఎక్కడ గీసినా రైతుకు మాట తప్పినట్టే కనిపించింది.

పేదల ఇళ్లంటేనే ఆ ఊళ్లలో గొడవ అనుకుంటే పొరపాటు. అదే రాజధాని గ్రామాల్లో 5,024 టిడ్కో ఇళ్లు (పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టే ఫ్లాట్లు) కట్టారు. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, జీ ప్లస్ త్రీ బ్లాకులు. వాటి మీద ఇంత రచ్చ జరగలేదు.

2020 ఫిబ్రవరిలో 107వ నంబరు జీవోతో 1,251 ఎకరాలు ఇళ్ల స్థలాలకు ఇచ్చినప్పుడు హైకోర్టు ఆపింది. 2022 మార్చి 3న త్రిసభ్య ధర్మాసనం రాజధాని రైతులకు అనుకూలంగా తీర్పు చెప్పింది. అదే ఏడాది చట్టాన్నే సవరించి, మాస్టర్ ప్లాన్ మార్చే అధికారాన్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. రాజధాని బయటి పేదలకూ ఇక్కడ స్థలం ఇవ్వొచ్చని చేర్చింది. 2023 మార్చిలో సుమారు 900 ఎకరాలతో ఆర్-5 వచ్చింది.

రైతుల వాదన చిన్నది, బలమైనది. మమ్మల్ని ఒప్పించిన ప్లాన్‌ను మమ్మల్ని ఒప్పించకుండానే మార్చారు. ఉద్యోగాలు రావాల్సిన చోట సెంటు ప్లాట్లు వేశారు. పేదలు వస్తే సామాజిక సమతుల్యత దెబ్బతింటుందని రైతుల తరఫువాళ్లు కోర్టులో వాదించారంటూ అప్పటి ముఖ్యమంత్రి జగన్ సభల్లో పదేపదే అన్నారు. తాము పేదలకు వ్యతిరేకం కాదని రైతులు చెబుతూ వచ్చారు.

ఈ వాదనల్లో పట్టా పట్టుకున్న మనిషి గొంతు ఎక్కడా సరిగా వినపడలేదు. ఆ 50,793 మందిలో 27,031 మంది ఎన్టీఆర్ జిల్లా వాళ్లు, 23,762 మంది గుంటూరు జిల్లా వాళ్లు. విజయవాడ కొండ మీద మెట్లెక్కి బిందెలు మోసే ఇళ్లు, నెలనెలా అద్దె కట్టుకునే ఒంటి గదులు వీళ్లకు బాగా తెలుసు. సెంటంటే 48 గజాలు, ఇంచుమించు 22 అడుగులకు 20. ఒక గది, వంటిల్లు, బాత్రూం పడితే గోడకీ గోడకీ మధ్య మనిషి పట్టే సందు మిగలదు. అయినా అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు అది చిన్నదిగా కనపడదు. 25 లేఅవుట్లలో ముళ్లకంప కొట్టించి, హద్దు రాళ్లు పాతి, నంబర్లు వేశారు. తన నంబరు రాయి ఎక్కడుందో వెతుక్కున్న ఆడమనిషికి 53వ సెక్షన్ గొడవ ఎవరు చెప్పారు?

నిజానికి చెప్పాల్సింది ఉంది. సభకు 9 రోజుల ముందే, మే 17న, ఈ పట్టాలు హైకోర్టు తుది తీర్పుకు లోబడే ఉంటాయని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే అది ఖాయం కాని కాగితమని ఇచ్చేవాళ్లకు తెలుసు. తెలిసే జులై 24న కృష్ణాయపాలెంలో ఇళ్లకు శంకుస్థాపన చేశారు. ఆగస్టు 3న హైకోర్టు నిర్మాణం మీద స్టే ఇచ్చింది. పది రోజులే తేడా. ఆశ పెట్టి ఆపడం కంటే ముందే ఆగి ఉంటే ఆ కుటుంబాలకు ఇంత టెన్షన్ ఉండేది కాదు.

2024లో ప్రభుత్వం మారింది. ఆర్-5 లబ్ధిదారులకు వాళ్ల సొంత ఊళ్ల దగ్గరే స్థలాలు చూపిస్తామన్నారు. రైతులకు ఊరట దొరికింది. కానీ ఇళ్లలో పాచి పని, షాపుల్లో పని, కూలి పని చేసుకునే మనిషికి రాజధాని దగ్గర ఇల్లంటే పనికి దగ్గర ఇల్లు. ఆ లెక్క ఈ హామీలో ఎక్కడా లేదు.

రెండో విడతకు ఎకరాలెన్ని, కౌలెంత, ప్లాటెన్ని గజాలు అని చర్చ నడుస్తోంది. 53వ సెక్షన్‌లో పేదల వాటా మాట ఉంది. కొత్త గ్రామాల రైతులు సంతకం పెట్టకముందే, పేదల 5 శాతం ఏ సర్వే నంబర్లలో వస్తుందో రంగు వేసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. అది చూసి ఒప్పుకున్నవాళ్లు ఒప్పుకుంటారు, వద్దన్నవాళ్లు అప్పుడే వద్దంటారు. పాత 50,793 మందికి స్థలం ఎక్కడో, ఎప్పటికో కూడా ఆ పక్కనే రాయాలి.