షేర్ల విభజన, రివర్స్ స్ప్లిట్: అపోహలు – వాస్తవాలు

అపోహ: షేరు విడిపోతే మదుపరి సంపద పెరుగుతుంది.

వాస్తవం: ఒక షేరు నాలుగైనప్పుడు ధర కూడా నాలుగో వంతుకు సర్దుకుంటుంది కాబట్టి, కంపెనీలో మీ వాటా శాతం గానీ దాని మొత్తం విలువ గానీ విభజన వల్ల మారదు. 2020 ఆగస్టులో ఆపిల్ షేరు ఇలా విడిపోయినప్పుడు సుమారు 499 డాలర్ల ధర 125 డాలర్ల దగ్గరికి సర్దుకుంది. ఇలాంటి రోజున పాత ధర మాత్రమే గుర్తున్నవారు షేరు కుప్పకూలిందని కంగారుగా ఫోన్ చేయడం మాకు అలవాటే.

అపోహ: రివర్స్ స్ప్లిట్ చేసిన కంపెనీ మూతపడబోతున్నట్టే.

వాస్తవం: రివర్స్ స్ప్లిట్ అంటే విభజనకు వ్యతిరేకం, కొన్ని షేర్లను కలిపి ఒకటిగా చేయడం. బలహీనతకు అది తరచూ సూచనే గానీ మరణశాసనం కాదు. ధర మరీ పడిపోతే ఎక్స్ఛేంజీ జాబితా నుంచి తొలగించే ప్రమాదం ఉంటుంది కనుక కొన్ని కంపెనీలు ఈ దారి పడతాయి. 2011 మేలో పది షేర్లను ఒకటిగా కలిపిన సిటీగ్రూప్ నేటికీ కొనసాగుతోంది.

అపోహ: లెక్క సమానమే కాబట్టి రివర్స్ స్ప్లిట్‌తో ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: నేను అన్నిటికన్నా ఎక్కువగా హెచ్చరించేది ఇక్కడే. పదింటికి ఒకటి చొప్పున కలిపినప్పుడు 47 షేర్లున్న వ్యక్తికి 4 షేర్లు వస్తాయి, మిగిలిన 0.7 భాగానికి సాధారణంగా నగదు చెల్లిస్తారు; ఆ పద్ధతిలో ఏడే షేర్లున్న వ్యక్తి, తాను అమ్మాలని అనుకోకపోయినా, వాటాదారుగా మిగలడు.

అంతకన్నా పెద్ద విషయం అధీకృత షేర్లది, అంటే కంపెనీ గరిష్ఠంగా జారీ చేయగల షేర్లది. 10 కోట్ల షేర్లు జారీ చేసే అనుమతి ఉన్న కంపెనీ 8 కోట్లు జారీ చేసిందనుకుందాం. పదింటికి ఒకటి చొప్పున రివర్స్ స్ప్లిట్ తర్వాత చలామణిలో 80 లక్షలే ఉంటాయి. అనుమతి పరిమితిని అదే నిష్పత్తిలో తగ్గించకపోతే, కొత్తగా 9 కోట్ల 20 లక్షల షేర్లు జారీ చేసే వీలు మిగిలిపోతుంది. అవన్నీ ఇతరులకే జారీ అయితే, ఒక శాతం వాటా ఉన్న వ్యక్తి 0.08 శాతానికి దిగిపోతాడు. అందుకే రివర్స్ స్ప్లిట్ ప్రతిపాదనపై వాటాదారుగా ఓటు వేసే ముందు కంపెనీ నోటీసులో నిష్పత్తి కన్నా ముందుగా ఈ పరిమితినే వెతకాలని చెబుతాను.

అపోహ: విభజన తర్వాత వచ్చిన అదనపు షేర్లు ఉచితం.

వాస్తవం: కొన్న ఖర్చు అన్ని షేర్లకూ పంచబడుతుంది. షేరుకు 400 చొప్పున 100 షేర్లు కొన్నవారి చేతిలో ఇప్పుడు షేరుకు 100 చొప్పున 400 షేర్లు ఉన్నట్టు లెక్క.