“ఏదో లక్కు కొద్దీ సీటొచ్చింది సార్”: ఇంపోస్టర్ ఫీలింగ్ మీద అపోహలు - వాస్తవాలు

పాలమూరు, నల్లగొండ వైపు డిగ్రీ, పీజీ పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. ‘నేను దీనికి తగను, ఏదో ఒక రోజు దొరికిపోతాను’ అనే భయంతో వచ్చేవాళ్లు తక్కువేం లేరు. దీన్నే ఇంపోస్టర్ ఫీలింగ్ అంటారు.

అపోహ: చదువు రానివాళ్లకే ఈ భయం.

అమెరికన్ సైకాలజిస్టులు పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లో దీన్ని వివరించింది బాగా రాణిస్తున్న మహిళలను చూసే. ఒక ఎమ్మెస్సీ అమ్మాయితో మాటలు ఇలా సాగాయి.

“ఎంట్రన్స్‌లో ర్యాంకు ఎట్లా వచ్చిందమ్మా?”
“ఆ ఏడు పేపర్ ఈజీ సార్.”
“సెమిస్టర్ మార్కులు?”
“మా మేడం మంచిగా వేస్తరు.”
“సెమినార్ బాగా చెప్పావట?”
“రాత్రంతా బట్టీ పట్టిన సార్.”
“మొన్న ల్యాబ్‌లో రీడింగ్ తప్పొచ్చింది కదా, అదెందుకు?”
“అదా... నాకు తెలివి తక్కువ సార్.”

గెలుపంతా పరాయి ఖాతాలోకి, ఓటమంతా సొంత ఖాతాలోకి. ఇలా రాసుకుంటూ పోతే ఎన్ని మార్కులొచ్చినా నమ్మకం పెరగదు. పైగా భయం కొద్దీ అవసరానికి మించి చదువుతారు, లేదా చివరి నిమిషం దాకా వాయిదా వేస్తారు. మొదటి దారిలో పాసైతే ‘అంత చాకిరీ చేశాను కాబట్టి’, రెండో దారిలో పాసైతే ‘అదృష్టం’. ఎటు చూసినా తెలివికి మార్కులుండవు.

అపోహ: ఇది ఆడపిల్లల సమస్య.

62 అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి సమీక్షలో మగవాళ్లలోనూ బాగానే కనిపించింది. వాడిన కొలతను బట్టి ఆ అధ్యయనాల్లో అంకె 9 నుంచి 82 శాతం దాకా మారింది. అందుకే ‘పదిమందిలో ఏడుగురికి’ అని నెట్‌లో తిరిగే లెక్కను నేను పెద్దగా పట్టించుకోను.

అపోహ: ఇదొక మానసిక జబ్బు.

మానసిక జబ్బుల నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్‌ఎం-5లో ఇది జబ్బుగా లేదు. కానీ ఆందోళన, డిప్రెషన్ దీనికి తోడవడం మామూలే. నిద్ర, తిండి దెబ్బతింటే ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి.

అపోహ: అంతా వాళ్ల బుర్రలోనే ఉంది, కాస్త ధైర్యం చెబితే పోతుంది.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. ‘పెద్దోడికి తెలివి, చిన్నదానికి ఓపిక’ అని ఇంట్లో చిన్నప్పుడే ముద్ర వేసేస్తారు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే అయితే, వైవా అంటే ఏంటో అడగడానికి కూడా ఎవరూ ఉండరు. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్ల ఇంగ్లిష్ క్లాసులో నోరు విప్పదు. ‘ఏ కోటాలో వచ్చినవ్?’ అని పక్కబెంచీ వాడు నవ్వుతూ అడుగుతాడు. ఈ సందేహాన్ని ఆ పిల్ల ఒక్కతే పుట్టించుకోలేదు, చుట్టూ ఉన్నవాళ్లూ తలా ఒక చెయ్యి వేశారు. దానికి తోడు క్లాసులో ఎవరూ డౌటు అడగరు కాబట్టి, అందరికీ అర్థమైంది, నాకే కాలేదు అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు.

అలాంటి పిల్లతో ‘నువ్వు సూపర్’ అంటే, ‘ఈయన్ని కూడా మోసం చేశాను’ అనుకుంటుంది. అందుకే లెక్చరర్లకు నేను చెప్పేది ఒకటే: పొగడ్త వద్దు, వివరం చెప్పండి. ‘మూడో గ్రాఫ్‌లో తేడా ఎందుకొచ్చిందో నువ్వే పట్టుకున్నావు’ అంటే దాన్ని అదృష్టం మీదికి నెట్టడం కష్టం. సీనియర్లు కూడా మొదటి సెమిస్టర్‌లో తమకు ఏ పేపర్ పోయిందో జూనియర్లకు చెప్పాలి, ఫ్రెషర్స్ డే నాడే అయితే మరీ మంచిది.